పాలు ఏ చెట్టుకు కాస్తాయి?

సరుకులు కొనేటప్పుడు పొట్లం తిప్పి పచ్చచుక్క ఉందా లేదా అని చూడడం మనలో చాలామందికి అలవాటైపోయింది. బిస్కట్లు కానివ్వండి, సేమ్యా కానివ్వండి, చిన్న చదరంలో ఆకుపచ్చని గుండ్రం కనిపిస్తే బుట్టలో వేసుకుంటాం. గోధుమరంగు గుర్తు కనిపిస్తే మావంటి వాళ్ళం మళ్ళీ అరలో పెట్టేస్తాం. ఈ గుర్తులు 2001 నుంచీ ఉన్నాయి. ఈమధ్య వాటికి ఇంకొకటి తోడైంది. ఆకుపచ్చ రంగులో ‘వి’ అనే ఇంగ్లీషు అక్షరం. 2022లో దీనికి నిబంధనలు కూడా వచ్చాయి. ఆ గుర్తున్న సరుకులో మాంసం, చేప, గుడ్డు లేకపోవడమే కాదు, పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె కూడా ఉండకూడదు. అదే వీగన్ ఆహారం.

మా మెదక్ కొట్లలో ఆ గుర్తు ఇంకా అపురూపమే. అయినా ఎక్కడో చూసి వచ్చిన నా ఈడు ఆవిడ ఒకరు, “పచ్చచుక్క ఉండగా మళ్ళీ ఇదెందుకండీ? మనం తినేదీ శాకమేగా!” అన్నారు. శాకమేగా అన్న ఆ మాట దగ్గరే నా పేచీ. పాలు ఏ చెట్టుకు కాస్తాయి చెప్పండి?

ఈ పేచీ నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో 1847లో శాకాహారుల సంఘం పెట్టారు. మాంసం మానేద్దాం, పాలూ గుడ్లూ తిన్నా ఫరవాలేదు అనుకునేవాళ్ళు అందులో చాలామంది. దాదాపు వందేళ్ళ తర్వాత, 1944 నవంబరులో, డొనాల్డ్ వాట్సన్ అనే వడ్రంగం నేర్పే పంతులు, ఇంకా కొద్దిమంది కలిసి “పాలు తాగుతూ జంతువుల మీద జాలి అంటే కుదరదు” అని వేరుకుంపటి పెట్టారు. ఇంగ్లీషు ‘వెజిటేరియన్’ మాటలో మొదటి మూడక్షరాలూ చివరి రెండక్షరాలూ అతికించి ‘వీగన్’ అని పేరు పెట్టుకున్నారు. మాటను చిన్నది చేశారు గాని నియమాన్ని పెద్దది చేశారు.

మన సంగతి ఇంకో తీరు. గుడ్డు వాళ్ళ శాకాహారికి ఫరవాలేదు, మనకి నీచు. పాలు మాత్రం ఇద్దరికీ శాకమే. కొలనుపాక జైనమందిరానికి వచ్చే భక్తుల్లో ఉల్లిగడ్డ, ఆలుగడ్డ కూడా ముట్టనివాళ్ళుంటారు. నేలలోంచి పెరికితే సూక్ష్మజీవులు చస్తాయని. పాలు తాగుతారు. ఎవరి గీత వాళ్ళది.

నిజానికి మన తెలంగాణలో ఈ గోలంతా పిడికెడుమందిది. 2014లో ప్రభుత్వం చేయించిన సర్వేలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులేనని తేలింది. దేశంలోనే మనది ముందువరుస. మరి నూటికి ఒకరమో ఇద్దరమో ఉన్న మాకెందుకండీ అంత గౌరవం? మా పొరుగింటామె ఏటా శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోయి దుర్గమ్మకు మొక్కు చెల్లించి వస్తుంది. మా గడప తొక్కేముందు “ఈపొద్దు నీసు తినలేదమ్మా” అని చెప్పి మరీ లోపలికొస్తుంది. నేను అడగను, ఆమె మానదు. ఆమెకేదో మైల అంటినట్టూ, నేనేదో కడిగిన ముత్యాన్నైనట్టూ! ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు ముడుచుకుపోతుంది.

వీగన్ అనే మాట మా ఇంట్లోకి వచ్చింది మా అక్క కూతురి వెంట. బెంగుళూరులో ఉద్యోగం. మూడేళ్ళయింది పాలూ పెరుగూ మానేసి. మొన్న బతుకమ్మకు వస్తూ, “చిన్నమ్మా, నాకోసం ప్రత్యేకంగా ఏమీ చెయ్యకు” అని ఫోను చేసింది. ఇంటికొచ్చే చుట్టాలు అనే మాటల్లో ఇల్లాలిని ఇంతకంటే కంగారు పెట్టేది ఇంకొకటి లేదు! సరే, కాగితం తీసుకుని తొమ్మిది రోజుల నైవేద్యాలూ రాసుకుని కూర్చున్నాను.

ఎంగిలిపూల నాడు నువ్వులూ, బియ్యప్పిండీ, బెల్లం. ఇబ్బంది లేదు. రెండోనాడు అటుకులు, బెల్లం. అదీ సరే. ముద్దపప్పు బతుకమ్మకూ, నానబియ్యం బతుకమ్మకూ మా ఇంట్లో పాలు కలుపుతాం. అక్కడ ఆమె గిన్నె వేరు చెయ్యాలి. అట్లకు బాధ లేదు. ఆరోనాడు అమ్మవారు అలుగుతుంది, అసలు నైవేద్యమే ఉండదు, కాబట్టి అందరం సమానం. వేపకాయల బతుకమ్మకు బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయిస్తాం. ఎనిమిదోనాడు వెన్నముద్దలు! అక్కడ ఆగిపోయాను. ఇక సద్దులనాడు అయిదు సద్దుల్లో పెరుగు సద్ది ఒక్కటి తీసేస్తే చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు నాలుగూ మిగులుతాయి. మలీదలో మాత్రం నెయ్యి లేకపోతే జొన్నరొట్టె నలిపి బెల్లం చల్లినట్టే ఉంటుంది గాని మలీదలా ఉండదు.

మొత్తం మీద తొమ్మిదింట్లో అయిదు చీకూచింతా లేకుండా గట్టెక్కాయి. ఇంకాస్త ఆలోచిస్తే మన ఊళ్ళ తిండే అంత. జొన్నరొట్టె, పచ్చిపులుసు, సర్వపిండి, సకినాలు, పుంటికూర పప్పు. వీటిలో పాలచుక్క ఎక్కడుంది? ఇదేదో మన పూర్వీకుల జీవకారుణ్యం అని నేను పొంగిపోను. పాడి ఉన్నవాళ్ళు కూడా పాలు అమ్ముకుని పిల్లలకి గట్కా పోసిన ఇళ్ళు నాకు తెలుసు. మెదక్ చర్చి ఉంది కదా, 1924లో ఆ కట్టడం పూర్తయింది. కరువు రోజుల్లో ఉత్త దానం చెయ్యకుండా, పని కల్పించి తిండి పెట్టాలని పాస్నెట్ దొర మొదలుపెట్టారు. ఆ రాళ్ళు మోసినవాళ్ళకి ఆ పూట తిండి ఉందా అన్నదే ప్రశ్న గాని, ఏం తినాలి అన్నది కాదు. ఇది వద్దు, అది వద్దు అనగలగడానికి ముందు కంచంలో ఏదో ఒకటి ఉండాలి.

పంచామృతాల దగ్గర మా అమ్మాయి నన్ను బాగానే ఇరుకున పెట్టింది. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర. మొదటి నాలుగూ ఆమెకి పనికిరావు. “పోనీ చక్కెరైనా మిగిలింది కదే” అన్నాను. అమెరికాలో కొన్ని ఫ్యాక్టరీల్లో చక్కెరను తెల్లబరచడానికి ఎముకల బొగ్గు వాడతారని చల్లగా చెప్పింది. ఇలాంటి పిల్లతో వాదన పెట్టుకునేముందు అన్నం తినెయ్యడం మంచిది.

అయితే ఆమె చివర వేసిన ప్రశ్న నవ్వి తోసెయ్యగలిగింది కాదు. నేను మడికట్టుకుని నైవేద్యం వండుతుంటే గుమ్మంలో నిలబడి అడిగింది, “చిన్నమ్మా, నువ్వు కట్టుకున్న ఆ చీరకి ఎన్ని పురుగులు చచ్చాయి?”

పట్టుపురుగు తన చుట్టూ గూడు అల్లుకుంటుంది. అది సీతాకోకచిలుకై గూడు చించుకుని బయటికి వస్తే దారం తెగిపోతుంది. అందుకని ముందే వేడిలోనో మరిగే నీళ్ళలోనో వేసి దాన్ని చంపేసి, తెగని దారం లాగుతారు. ఒక్క చీరకి వేల గూళ్ళు పడతాయి. కోడిగుడ్డు తగిలితే అంటు. వేల పురుగుల్ని ఉడకబెట్టి తీసిన బట్ట మడి! నేను దీన్ని ఎవరినీ ఎద్దేవా చెయ్యడానికి రాయడం లేదు. మడి అనేది దయకు సంబంధించిన లెక్క కాదు, అంటూ శుద్ధీ లెక్క. పాలు శుద్ధం, పట్టు శుద్ధం, తేనె శుద్ధం. మాంసం, గుడ్డు అశుద్ధం. ఈ లెక్క మనకి తరతరాలుగా వచ్చింది. వీగన్ల లెక్కలో శుద్ధి ప్రసక్తే లేదు. ఏ ప్రాణికి ఎంత బాధ అన్నదొక్కటే. కంచంలో రెండూ ఒకలాగే కనిపిస్తాయి కాబట్టి, శాకాహారాన్ని కాస్త సాగదీస్తే వీగన్ ఆహారం అవుతుందని అనుకుంటాం. రెండూ వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటిది “నేను శుభ్రంగా ఉన్నానా?” అని అడుగుతుంది. రెండోది “దానికి నొప్పి పెట్టిందా?” అని.

పట్టు విషయంలో ఆ రెండో ప్రశ్న అడిగినవాళ్ళు మన తెలుగువాళ్ళలోనే ఉన్నారు. చేనేత శాఖలో పనిచేసిన కుసుమ రాజయ్య గారు. పురుగులను చంపకుండా నేసిన పట్టుచీర దొరుకుతుందా అని 1990 ప్రాంతంలో అప్పటి రాష్ట్రపతి వెంకట్రామన్ గారి భార్య జానకి గారు వాకబు చేశారట. ఆ మాట పట్టుకుని ఆయన ఏళ్ళ తరబడి శ్రమపడి, చిలుకలు ఎగిరిపోయాక మిగిలిన గూళ్ళనుంచి నూలు వడికించి ‘అహింసా పట్టు’ తయారుచేశారు. పేటెంటు కూడా వచ్చింది. ఆ బట్టకు తళుకు తక్కువ, ఖరీదు ఎక్కువ. పెళ్ళిళ్ళలో మనం తళుకునే చూస్తాం, అది వేరే సంగతి.

పాలదగ్గరికి వస్తాను. అసలు తంటా అక్కడుంది.

మాకు పాలు పోసేది పక్కవీధి ఆమె. రెండు బర్రెలు. ఆ పాల డబ్బులతోనే ఇల్లు నడిపి కూతుర్ని డిగ్రీ చదివిస్తోంది. 1970లో దేశంలో పాలవెల్లువ పథకం మొదలయ్యాక, మన రాష్ట్రంలో 1974లో పాడిపరిశ్రమ సంస్థ ఏర్పడ్డాక, రెండు గేదెలతో సంసారం ఈదిన ఆడవాళ్ళు ఊరూరా ఉన్నారు. అలాంటి వాళ్ళ చెంబు దగ్గరికి పోయి, “నీది హింస” అనే ధైర్యం నాకు లేదు. అనడం న్యాయమూ కాదు.

అయినా గేదె ఉత్తపుణ్యానికి పాలివ్వదు. పది నెలలు మోసి ఈనితేనే ఇస్తుంది. మళ్ళీ మళ్ళీ ఈనాలి. పుట్టినవాటిలో సగం పెయ్యలైతే సగం దున్నదూడలు. మనుషుల ఇళ్ళలో మొగపిల్లవాడి కోసం మొక్కుతారు కదా, ఆడపిల్ల పుట్టాలని మనసారా కోరుకునే చోటు పశువుల కొట్టమొక్కటే! ఇప్పుడు పెయ్యదూడలే ఎక్కువగా పుట్టేలా వేరుచేసిన వీర్యంతో సూదులు వేయించే పథకాలు కూడా వచ్చాయి.

పోయినేడు ఆమె బర్రెకు దున్నదూడ పుట్టింది. నాలుగు నెలలు కూడా బతకలేదు. ఏమైందని అడిగాను.

“ఏం జెయ్యాలమ్మా! పెయ్యయితె సాదుకుందుము. దున్నదూడ పాలియ్యదాయె. ఎనకట బండికో నాగలికో గట్టేది, ఇప్పుడు ట్రాక్టరొచ్చె. గడ్డి ఎవలేస్తరు దానికి? అది తాగే పాలు మీకు పొయ్యాల్నా, దానికియ్యాల్నా?”

ఆమె నన్ను దెప్పలేదు. లెక్క చెప్పింది. ఆ లెక్కలో నా చెంబు కూడా ఉంది.

1977 నాటి మన రాష్ట్ర చట్టం ఆవునూ, గేదె దూడనూ కోయకూడదంటుంది. పాలు దక్కక చిక్కిపోయి చచ్చిన దూడ సంగతి ఏ చట్టానికి పడుతుంది? చిన్నప్పుడు మా వీధిలోనే చూశాను. దూడ చచ్చిపోతే గేదె చేపదు. అందుకని ఆ దూడ తోలులోనే గడ్డి కూరి ఎదురుగా నిలబెట్టేవారు. తల్లి దాన్ని నాకుతూ చేపేది. పక్కనుంచి పిండుకునేవారు. నా దగ్గర సిద్దిపేట గొల్లభామ చీర ఒకటుంది. కుండ నెత్తిన పెట్టుకుని వరసగా నడిచిపోయే గొల్లభామలు, ఎంత ముచ్చటగా నేశారో! పాలకుండ ఉంది, భామ ఉంది, దూడ ఎక్కడా లేదు.

వట్టిపోయిన గేదెల మాటేమిటి? పాత మెదక్ జిల్లాలోనే, పటాన్‌చెరు దగ్గర రుద్రారంలో పెద్ద యాంత్రిక కబేళా వచ్చింది. గేదె మాంసం విదేశాలకు పంపడానికి. జీవకారుణ్య సంఘాలూ, గోరక్షణ సంఘాలూ ఎన్నో ఏళ్ళు దాన్ని ఎదిరించాయి. వ్యవహారం హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు పోయింది. 2006లో తీర్పు వచ్చింది, కబేళా నిలిచింది. ఎదిరించినవాళ్ళ మనసు మంచిదే, కాదనను. కాని వాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో పొద్దున్నే కాఫీ కలిసేది పాలతోనే అయ్యుంటుంది. ఈనని గేదెను, పాలివ్వని గేదెను ఏళ్ళ తరబడి మేపేదెవరు? రెండు గేదెల ఇల్లాలా? పాలకేంద్రమూ కబేళా ఒకే రోడ్డుకి రెండు కొసలు. ఒక కొసన నిలబడి రెండోదాన్ని తిట్టడం సులువు. ప్రపంచంలో గేదె మాంసం ఎగుమతిలో మన దేశం ముందుందంటే, పాడిలో ముందుండడమూ దానికి ఒక కారణం.

ఈ ముడిని విప్పబోయి గాంధీగారంతటి వారే ఇరుక్కున్నారు. 1912లో దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారంలో ఉండగా పాలు మానేశారు. పాలు వికారాలను పెంచుతాయన్నది ఒక కారణం. కలకత్తాలో గేదెలచేత చివరి చుక్క దాకా పిండడానికి చేసే ‘ఫూకా’ అనే క్రూరమైన పని గురించి చదవడం ఇంకొకటి. (1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఫూకాను నిషేధించింది.) తర్వాత 1918లో తీవ్రంగా జబ్బుపడ్డారు. పాలు తాగకపోతే ఒళ్ళు కోలుకోదని డాక్టరు పట్టుబట్టాడు. వ్రతం ఉంది, ససేమిరా అన్నారాయన. అప్పుడు కస్తూర్బా, “మీరు ఒట్టు పెట్టుకున్నది ఆవుపాలూ గేదెపాలూ గురించి కదా, మేకపాలు తాగండి” అన్నారు. ప్రాణం మీదికొచ్చిన మొగుణ్ణి చూస్తూ ఏ ఇల్లాలైనా ఇంకేం ఆలోచిస్తుంది? ఆయన తాగారు. కాని అక్షరాన్ని నిలుపుకుని ఆత్మను వదిలేశానని ఆత్మకథలో బాధపడ్డారు. ఆ బాధ చివరిదాకా ఉండిపోయింది. మేకకు మాత్రం పిల్ల ఉండదా?

పాలు మానితే ఒంట్లో బలం పోతుందన్నది మనందరి భయం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ గోపాలన్ గారి పట్టికల ప్రకారం నూరు గ్రాముల ఆవుపాలలో 120 మిల్లీగ్రాముల సున్నం ఉంటే, రాగుల్లో 344, నువ్వుల్లో 1450 ఉంది. నువ్వుల్లోది అంతా ఒంటికి పట్టదు, నూరు గ్రాములు ఎవరూ తినరు, అయినా భయపడాల్సినంత లోటు కాదు. బి12 విటమిను మాత్రం కూరగాయల్లో దొరకదు. పూర్తిగా పాలు మానినవాళ్ళు మాత్రలు వేసుకోవలసిందే. కడుపుతో ఉన్నవాళ్ళూ, పసిపిల్లల తల్లులూ డాక్టరుతో మాట్లాడకుండా ఇటువంటి నియమాలు పెట్టుకోకూడదు. మా అమ్మాయి మాత్రలు వేసుకుంటుంది. పల్లీలు రుబ్బి తోడుపెట్టి పెరుగు కూడా చేసింది. దానితో మజ్జిగపులుసు బాగానే కుదిరింది. అన్నంలో కలుపుకుంటే మాత్రం, నిజం చెప్పాలంటే, పచ్చడి తిన్నట్టే ఉంది.

నేనూ ఆమెని ఒకటి అడిగాను. మా మెదక్ చుట్టుపక్కల వరి పొలాల్లో వేసవిలో పెంట తోలతారు. ఆ గేదెల పేడే కదా, నీ అన్నం మెతుకులో ఉన్నది? గేదెలు లేని ఊళ్ళో నీ బియ్యం ఎలా పండుతాయి? ఆమె కాసేపు ఆలోచించి, “అంతా అయ్యేపని కాదు చిన్నమ్మా. నా చేతనైనంత వరకే. నేను ఎవర్నీ పాలు అమ్మొద్దనడం లేదు, నేను తాగనంటున్నాను” అంది. ఈ జవాబు నాకు నచ్చింది. తన గీత ఎక్కడుందో ఆమెకి తెలుసు, ఆ గీత అవతల ఏముందో కూడా తెలుసు.

నేను పాలు మానలేదు. అరవై దాటాక పెరుగన్నం లేని రాత్రి నాకు రాత్రిలా ఉండదు. కాని “మేం ఏ ప్రాణినీ బాధపెట్టం, శాకాహారులం” అనే మాట నా నోట రాదు. నీసు తినలేదని చెప్పి మరీ లోపలికొచ్చే పొరుగింటామెతో, “చెప్పక్కర్లేదమ్మా, నా కాఫీలోనూ దూడ వాటా ఉంది” అన్నాను. ఆమె నవ్వి, నాకేదో చాదస్తం పట్టిందనుకుంది.

మా అమ్మమ్మ కాలంలో నాలుగు చన్నుల్లో ఒకటి దూడకు వదిలేవారు. పిండడానికి చెయ్యి పోయినా, అది దూడదని లాక్కునేవారు. అది గుర్తొచ్చి, మొన్న పాలామెతో బేరం మాట్లాడాను. ఈసారి దున్నదూడ పుట్టినా ఒక చన్ను దానికి వదిలెయ్యి, ఆ పాల డబ్బు నేనిస్తాను అని.

“తాగని పాలకు పైసలిస్తరా అమ్మా?” అని ఆమె నోరు నొక్కుకుంది. మా వారు పత్రిక దించి ఒకసారి చూసి మళ్ళీ ఎత్తుకున్నారు. బెంగుళూరుకు ఫోను చేసి చెబితే, “ఆర్నెల్ల తర్వాత ఏం చేస్తావు చిన్నమ్మా, పెద్దయ్యాక దాన్నెవరు మేపుతారు?” అంది అమ్మాయి. దానికి నా దగ్గర జవాబు లేదు. బర్రె కార్తీకంలో ఈనుతుందట.